ఏడువందలా, ఆరువందల యాభయ్యా?

వాదించుకున్నవాళ్లు బావా బావమరుదులు. బావ గుంటూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతాడు. బావమరిదికి హైదరాబాదులో రేసు సైకిళ్లు విప్పి బిగించే దుకాణం ఉంది; కుర్రతనంలో ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో పోటీలకి దిగినవాడు. తగువు బావగారి పదిహేనేళ్ల కూతురి సైకిలు గురించి. పిల్ల ఎత్తు 150 సెంటీమీటర్లు. అరువు సైకిలు మీద జిల్లా పోటీల్లో ముందుకొచ్చింది, ఇప్పుడు సొంతంగా ఒక రేసు సైకిలు కావాలి. అందరూ తొక్కే 700సి చక్రాలదా, అంతకంటే చిన్నవైన 650వా? మధ్యలో వచ్చిన టీలూ, ఫోన్లూ, పాత పొలం గొడవా తీసేసి అసలు మాటలే ఇక్కడ పెట్టాను. నా మొగ్గు ఎటో దాచుకోలేను, అక్కడక్కడా బ్రాకెట్లలో బయటపడుతుంది.

బావమరిది: పిల్లకి చిన్న చక్రాల బండి కొంటానని అక్కతో అన్నారట. ఎవరు ఎక్కించారు బావా మీకీ మాట?

బావ: ఎవరూ ఎక్కించలేదు. టేపు తీసి కొలిచాను. పొద్దున నువ్వు దాన్ని ఎక్కించిన బండి ఉందే, ఆ చిన్న ఫ్రేము 700సి, అది తిరుగుతుంటే దాని బూటు ముందు చక్రానికి తగిలింది. నువ్వు చూసీ చూడనట్టు ఊరుకున్నావు.

బావమరిది: చూశాను. పొట్టివాళ్ల బండ్లన్నిటికీ తగులుతుంది. అదొక పెద్ద విషయం కాదు.

బావ: లెక్క విను, తర్వాత కాదను. క్రాంకు ఇరుసు నుంచి ముందు చక్రం ఇరుసు దాకా 575 మిల్లీమీటర్లు ఉంది. క్రాంకు పొడవు 170. పెడల్ మధ్య నుంచి బూటు కొస దాకా సుమారు 100. చక్రం వ్యాసార్థం, 25 టైరుతో కలిపి 336. ఈ మూడూ కూడితే 606. ఉన్న చోటు 575. మూడు సెంటీమీటర్ల మేర బూటూ చక్రమూ ఒకే చోట ఉండాలని చూస్తున్నాయి. ఒకే చోట రెండు వస్తువులుండవని నేను తొమ్మిదో తరగతి పిల్లలకి కూడా చెప్పగలను.

బావమరిది: అది కాగితం మీద. రోడ్డు మీద వేగంగా పోయేవాడు హ్యాండిల్ తిప్పి మలుపు తిరగడు బావా, ఒళ్లు వాల్చి తిరుగుతాడు. ముప్పై కిలోమీటర్ల వేగంలో హ్యాండిల్ ఎంత తిరుగుతుందో చూడండి, రెండు మూడు డిగ్రీలు. చక్రం బూటు దాకా రానే రాదు.

బావ: మరి టైం ట్రయల్‌లో?

బావమరిది: ...

(ఇక్కడ బావమరిది ఒక్క క్షణం ఆగాడు. కారణముంది. మన దగ్గర రోడ్డు టైం ట్రయల్ అంటే చాలాచోట్ల హైవే మీద ఒక వైపు పోయి, కోను చుట్టూ తిరిగి, వచ్చిన దారినే రావడం. ఆ కోను దగ్గర వేగం పడిపోతుంది, హ్యాండిల్ బాగా తిరుగుతుంది. బూటు తగిలే ప్రమాదమంతా అక్కడే పోగుపడి ఉంటుంది.)

బావమరిది: కోను దగ్గర పెడళ్లు నిలువుగా ఆపుకోవాలి. లోపలి కాలు పైన, బయటి కాలు కింద. అప్పుడు తగలదు. నేర్పిస్తాను.

బావ: ఆపుకుని తిరుగుతుంది, సరే. మలుపులోంచి బయటికి రావాలంటే తొక్కాలిగా? పోగొట్టుకున్న వేగం మళ్లీ తెచ్చుకునే మొదటి తొక్కులోనే బయటి కాలు ముందుకొస్తుంది. హ్యాండిల్ ఇంకా నిటారుకి రాలేదు. పడేది అప్పుడు. 650 చక్రమైతే ఈ భయమే లేదు. ఇదిగో, నేనొక బండి చూసి పెట్టాను, ఫోన్లో ఉంది. డిస్కు బ్రేకులు కూడా.

బావమరిది: ఇటివ్వండి. ... ఇది 650బి. 47 టైర్లు.

బావ: అవును, 650.

బావమరిది: బావా, మీరు భౌతికశాస్త్రం చెప్పండి, సైకిలు నేను చెబుతాను. 700సి టైరు పక్కన చిన్న అక్షరాలతో 25-622 అని ఉంటుంది. ఆ 622 ఒక్కటే నిజమైన కొలత, టైరు అంచు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసం మిల్లీమీటర్లలో. 25 టైరు వెడల్పు. 650బి అంటే ఆ వ్యాసం 584. 650సి అంటే 571. 650ఏ కూడా ఉంది, 590. మూడింటినీ 650 అంటారు, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు.

బావ: అయితే మరీ మంచిది. 584 అంటే 622 కంటే చిన్నదే కదా.

బావమరిది: రిమ్ము చిన్నది. చక్రం కాదు. ఇప్పుడు మీ లెక్కే వేయండి. 584కి రెండు పక్కలా 47 కలపండి.

బావ: 678.

బావమరిది: నా 700సి కి 28 టైరు వేయండి.

బావ: 622, 56... 678.

బావమరిది: మిల్లీమీటరు తేడా లేదు. వాళ్లు ఉద్దేశపూర్వకంగానే అలా చేశారు. మట్టి దారుల్లో తొక్కే బండ్లకి లావు టైరు పెట్టాలి, కానీ బయటి కొలత పెరగకూడదు, అందుకని రిమ్ము తగ్గించారు. మీరు డబ్బు పోసి కొనబోయే బండికి బూటు సరిగ్గా ఇంతే తగులుతుంది. పైగా దాని టైర్లు బరువు.

(బావగారు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఈ పొరపాటు ఆయనొక్కడిదే కాదు. ఫ్రాన్సులో పాతకాలంలో ఈ అంకెలు గాలి కొట్టిన టైరు బయటి వ్యాసాన్ని సుమారుగా చెప్పేవి, పక్కన ఏ, బీ, సీలు టైరు లావుని. లావులు మారిపోయాయి, అంకెలు ఉండిపోయాయి. మన ఇళ్లలో పాత హీరో, అట్లాస్ సైకిళ్ల టైరు మీద ఉండే 28×1½ కథా ఇదే. అది కూర్చునే వ్యాసం 635. రేసు చక్రాన్నీ 28 అంగుళాలదే అనేవాళ్లున్నారు. ఆ మాట నమ్మి ఊళ్లో కొట్టులో 28 టైరు కొనుక్కొచ్చి రేసు రిమ్ముకి ఎక్కించబోయినవాళ్లకి 13 మిల్లీమీటర్లంటే ఏమిటో తెలుస్తుంది.)

బావ: సరే, బి వద్దు. సి. 571. దానికి 23 టైరు వేస్తే 617. వ్యాసార్థం 308. ఇప్పుడు 170, 100, 308, మొత్తం 578. 575కి మూడు మిల్లీమీటర్లే ఎక్కువ. క్రాంకు 165 పెట్టామా, తగలనే తగలదు.

బావమరిది: ఆ టైరు ఎక్కడ కొంటారు?

బావ: ఆన్‌లైన్‌లో.

బావమరిది: పోటీకి ముందురోజు సాయంత్రం ఆరింటికి టైరు కోసుకుపోతే? హైదరాబాదులో ఏ మంచి కొట్టుకెళ్లినా 700సి లో పది రకాలు వేలాడుతుంటాయి. 650సి అంటే వాడు నా మొహం చూస్తాడు. అంతకంటే అసలు సంగతి, తోటివాళ్లు. రోడ్డు రేసులో పంక్చరైతే పక్కన తొక్కే సొంత జట్టు పిల్ల దిగి తన చక్రం ఇచ్చేస్తుంది. పెద్ద రేసుల్లో అయితే వెనక అందరికీ పనికొచ్చే చక్రాలు మోసుకొచ్చే కారుంటుంది. 1970ల నుంచి మావిక్ వాళ్ల పసుపు కార్లు, 2021 నుంచి టూర్ డి ఫ్రాన్స్‌లో షిమానో నీలం కార్లు. ఆ కార్ల నెత్తిన వరసగా ఉండేవన్నీ 700సి లే. మన పిల్ల చెయ్యెత్తి నిలబడితే ఇచ్చే చక్రం ఉండదు.

బావ: టూర్ డి ఫ్రాన్స్ దాకా వెళ్లినప్పుడు చూసుకుందాంలే.

బావమరిది: నవ్వకండి. క్లబ్బు వ్యానులో ఉండే రెండు స్పేరు చక్రాల సంగతి చెబుతున్నాను.

బావ: నువ్వు చెప్పేది సంతలో దొరికే దాని గురించి. నేను చెప్పేది పిల్ల ఒంటి గురించి. చూడు, బూట్లు సైజుల్లో వస్తాయి. ఫ్రేములు సైజుల్లో వస్తాయి. క్రాంకులు, హ్యాండిళ్లు, సీట్లు, అన్నీ సైజుల్లోనే. చక్రం ఒక్కటి మాత్రం ఆరడుగుల వాడికీ ఐదడుగుల పిల్లకీ ఒకటే. బాటా కొట్టుకెళితే అందరికీ తొమ్మిదో నంబరే ఇస్తాం, తాళ్లు గట్టిగా బిగించుకోండి అన్నట్టుంది. 180 సెంటీమీటర్ల మనిషికి 672 మిల్లీమీటర్ల చక్రం సరిపోతే, అదే నిష్పత్తిలో 150 మనిషికి 560 కావాలి.

బావమరిది: 560 అంటే 24 అంగుళాల చక్రం. చిన్నపిల్లల బండి.

బావ: పోటీల్లో నిషేధమా?

బావమరిది: ... కాదు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం, యూసీఐ, పెట్టిన హద్దు టైరుతో కలిపి 55 నుంచి 70 సెంటీమీటర్లు. 56 లోపలే ఉంది.

బావ: చూశావా! నియమం రాసినవాళ్లకే తెలుసు, అందరికీ ఒకటే కుదరదని. ముందు 24, వెనక 700 పెట్టినా పోయె. అలాంటిది నిజంగానే ఉండేదని ఎక్కడో చదివాను.

బావమరిది: ఉండేది. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఆవిడ 1980లలో ఆడవాళ్ల కోసం సరిగ్గా అలాగే చేసింది, ముందు చక్రం చిన్నది, వెనకది మామూలుది. బూటు తగలదు, హ్యాండిల్ కిందికి వస్తుంది, ఫ్రేము ఆకారం చెడదు. తెలివైన పని, ఒప్పుకుంటాను. కానీ అది తొక్కుకోడానికి, పోటీకి కాదు. రోడ్డు పోటీల్లో రెండు చక్రాలూ ఒకే వ్యాసంలో ఉండి తీరాలి.

బావ: ఎందుకట?

బావమరిది: మగవాళ్ల వల్ల. 1980ల్లో టైం ట్రయల్ బండ్లకి గాలి తప్పించుకోడానికి ముందు చిన్న చక్రం పెట్టి, తల కిందికి, పిర్ర పైకి వంచి తొక్కేవాళ్లు. ఇటలీ వాడు మోజర్ 1984లో మెక్సికో సిటీలో గంటకి 51.151 కిలోమీటర్లు తొక్కి బెల్జియం వాడు మెర్క్స్ 1972లో పెట్టిన రికార్డుని కొట్టేశాడు, డిస్కు చక్రాలతో. 1988లో మళ్లీ స్టుట్‌గార్ట్ ఇండోర్ ట్రాకు మీద అదే మోజర్ ముందుదానికంటే చాలా పెద్దదైన వెనక చక్రంతో వచ్చాడు. తర్వాత బ్రిటన్ వాళ్లు ఓబ్రీ, బోర్డ్‌మన్. ప్రతి ఏడూ ఒక వింత బండి. చివరికి 1996లో లుగానో పట్టణంలో యూసీఐ ఒక ప్రకటన చేసింది, పోటీ మనుషుల మధ్య ఉండాలి, యంత్రాల మధ్య కాదు అనే ధోరణిలో. చక్రాలు సమానంగా ఉండాలి, బండి 6.8 కిలోలకి తగ్గకూడదు, ఇవన్నీ దాని వెంట వచ్చినవే.

(బ్రిటన్‌లో అలెక్స్ మౌల్టన్ 1962లో స్ప్రింగులు పెట్టిన బుల్లి చక్రాల సైకిలు తెచ్చాడు. ఆ ఏడాది డిసెంబరులోనే జాన్ వుడ్‌బర్న్ దానిమీద కార్డిఫ్ నుంచి లండన్ దాకా తొక్కి పాత రికార్డు చెరిపేశాడు. ఇవాళ ఆ చక్రం 55 సెంటీమీటర్ల గీతకి కిందే ఉంటుంది. చిన్న చక్రం వేగంగా పోలేదన్న మాటని ఎవరైనా నా దగ్గర అంటే ఈ సంగతి తీస్తాను. పోలేకపోవడం వేరు, పోనివ్వకపోవడం వేరు.)

బావమరిది: ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. చిన్న చక్రం త్వరగా వేగం అందుకుంటుందని అందరూ అంటారు. మీరు ఆ మాట ఇంతవరకు ఎత్తలేదు. ఎందుకని?

బావ: అది అబద్ధం కాబట్టి. అంటే, దాదాపు అబద్ధం. దొర్లే చక్రానికి రెండు శక్తులు, ముందుకు పోయేదొకటి, తిరిగేదొకటి. బరువంతా అంచులోనే ఉందనుకుంటే ఆ రెండూ సమానం. కాబట్టి రిమ్ములో ఉన్న ప్రతి గ్రామూ వేగం పెంచేటప్పుడు రెండు గ్రాములుగా లెక్క. కానీ ఆ లెక్కలో వ్యాసార్థం కొట్టుడుపోతుంది. చక్రం పెద్దదైనా చిన్నదైనా అదే. చిన్నదాంట్లో మిగిలేది లోహమూ రబ్బరూ తగ్గడం ఒక్కటే. 571ని 622తో భాగిస్తే నూటికి 8 తక్కువ. రిమ్ము, టైరు, ట్యూబు కలిపి 750 గ్రాములనుకో, ఒక్కో చక్రానికి 60 గ్రాములు, రెంటికీ 120, రెట్టింపు చేస్తే 240. పిల్లా బండీ కలిపి 53 కిలోలు. అందులో ఇది అర శాతం కూడా కాదు. సీసాలో పావు లీటరు నీళ్లు తక్కువ పట్టుకున్నా అంతే లాభం.

బావమరిది: మీ పక్షం వాదన మీరే విరగ్గొట్టుకున్నారు.

బావ: తప్పు లెక్కతో గెలవడం నాకు ఇష్టం లేదు. అలాగే నువ్వు కూడా గుంతల మాట ఎత్తకు.

బావమరిది: ఎత్తుతాను. చిన్న చక్రం గుంతలో లోతుగా దిగుతుంది, రాయికి ఎదురు తగులుతుంది. మన రోడ్లకి...

బావ: 20 మిల్లీమీటర్ల గట్టు ఎదురైందనుకో. 336 వ్యాసార్థానికి అది తగిలే కోణం దాదాపు 20 డిగ్రీలు. 308కి 21 డిగ్రీల లోపు. ఒక్క డిగ్రీ కూడా తేడా లేదు. చేతికి తెలియదు.

బావమరిది: చేతికి తెలుస్తుంది.

బావ: తెలిసేది టైరు లావు, గాలి. 23 టైరులో రాయిలా గాలి కొట్టి, చక్రం చిన్నదవడం వల్ల ఎగురుతోందంటావు.

బావమరిది: ... అది నిజమే. ఇప్పటికీ వచ్చే కుర్రాళ్లలో సగం మంది 120 కొట్టమంటారు. 45 కిలోల పిల్లకి 28 టైరులో అందులో సగం చాలు. పెద్ద రేసుల్లో వాళ్లే 28కీ 30కీ వచ్చేశారు. చక్రం సైజు కోసం ఇంత కొట్టుకుంటాం, గాలి ఎంతో ఎవడూ అడగడు.

(ఇద్దరూ ఒప్పుకున్న మొదటి విషయం ఇదే. అయిదు నిమిషాలు దీని గురించే మాట్లాడుకున్నారు, నేను తీసేశాను.)

బావమరిది: మరి గేరు? చక్రం 8 శాతం తగ్గితే ప్రతి తొక్కుకీ 8 శాతం తక్కువ దూరం పోతుంది.

బావ: వెనక పళ్లచక్రంలో ఒక పన్ను తగ్గించు. 700సి మీద 53కి 12 వేస్తే ఒక తొక్కుకి 9.3 మీటర్లు. 650సి మీద 53కి 11 వేస్తే అదే 9.3. ఏ పిల్ల కాలికీ తేడా తెలియదు. పెడల్ నేరుగా చక్రానికే బిగించి ఉన్న పాత పెద్ద చక్రాల రోజుల్లో చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం, మనిషి కాలు పొడవే హద్దు. 1885లో స్టార్లీ రోవర్ సైకిలు చైనుతో వచ్చాక ఆ బంధం తెగిపోయింది. నూట నలభై ఏళ్లయింది.

బావమరిది: తెగలేదు పూర్తిగా. జూనియర్లకి మొన్నమొన్నటి దాకా గేరు హద్దుండేది. ఒక్క తొక్కుకి 7.93 మీటర్లు మించకూడదు. పోటీ అయ్యాక నేలమీద గీత గీసి, బండిని వెనక్కి దొర్లించి కొలిచేవాళ్లు. టైరు లావు పెరిగినా కొలతలో పడేది. 2023 నుంచి యూసీఐ అది ఎత్తేసింది కానీ, మా తరానికి చక్రం వ్యాసమంటే ఆ గీత గుర్తొస్తుంది.

బావ: ఎత్తేశారుగా. ఇంకేముంది నీ దగ్గర?

బావమరిది: చరిత్ర ఉంది. 1980ల చివర, 90లలో అమెరికాలో ట్రయాథ్లాన్ వాళ్లంతా 650సి మీద పడ్డారు. క్వింటానా రూ అనే కంపెనీ ఆ చక్రాలతోనే పేరు తెచ్చుకుంది. గాలికి తక్కువ అడ్డు, హ్యాండిల్ కిందికి వస్తుంది, బాగానే ఉంది. తర్వాత ఏమైంది? దాదాపు అందరూ 700సి కి తిరిగొచ్చారు. పెద్ద కంపెనీలు మంచి రిమ్ములు, మంచి టైర్లు ముందు 700సి లోనే తెస్తాయి. 650సి కి వచ్చేసరికి రెండేళ్ల పాతది, లేదా రాదు. ఆస్ట్రేలియా వాడు కేలెబ్ యూవన్ ఎత్తు 165. టూర్ డి ఫ్రాన్స్‌లో అయిదు స్టేజీలు గెలిచాడు, అన్నీ 700సి మీదే.

బావ: 165, 150 ఒకటేనా? ఆ పదిహేను సెంటీమీటర్లలోనే కదా మన తగువంతా. పైగా అతను గెలిచాడు కాబట్టి చక్రం సరైందని ఎలా అంటావు? అతనికి వేరే చక్రం ఎవరిచ్చారు, పోల్చి చూడ్డానికి?

బావమరిది: (నవ్వి) క్లాసులో పిల్లలు మీతో ఎలా వేగుతున్నారో.

బావ: ఇంకోటి చెబుతాను, నువ్వే ఒప్పుకుంటావు. చిన్న ఫ్రేములో పెద్ద చక్రం ఇరికించడానికి ఏం చేస్తారు? ముందు ఫోర్కుని వాలుస్తారు. మామూలుగా 73 డిగ్రీలుండే గొట్టం ఈ చిన్న ఫ్రేముల్లో 70, 71కి పడుకుంటుంది. దానివల్ల హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటు టైరు తాకే చోటుకంటే ఇంకా ముందుకు జరుగుతుంది. ఆ ఎడం 73 దగ్గర 55 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే, 70న్నర దగ్గర, ఫోర్కు వంపు మార్చకపోతే, 70 దాటుతుంది. బండి మొద్దుబారుతుంది. మలుపులో మాట వినదు.

బావమరిది: ఒప్పుకుంటాను. నేను బాగుచేసే చిన్న ఫ్రేముల్లో సగం అలాగే ఉంటాయి, బరువు లారీ స్టీరింగులా. కానీ మంచి కంపెనీలు ఫోర్కు వంపు పెంచి దాన్ని సగం దాకా సర్దుతాయి. వంపు చూసి కొనాలి. నేనైతే అదే చూస్తాను, చక్రం కాదు.

బావ: హ్యాండిల్ ఎత్తు? 336 వ్యాసార్థం, దానిమీద ఫోర్కు, దానిమీద గొట్టం. ఎంత చిన్న ఫ్రేమైనా హ్యాండిల్ ఆ ఎత్తుకి కిందికి రాదు. పొడుగువాడు వంగి గాలి తప్పించుకుంటాడు, పొట్టి పిల్ల నిటారుగా కూర్చుని గాలంతా ఛాతీకి తీసుకుంటుంది. దానికున్న ఒకే ఒక్క లాభం చిన్న ఒళ్లు, దాన్నీ మీ చక్రం లాగేసుకుంటోంది.

(ఇది బావగారి వాదనలన్నిటిలోకీ బలమైనదని నా లెక్క. బూటు తగలడం కంటికి కనబడుతుంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. గాలి కనబడదు. నలభై కిలోమీటర్ల టైం ట్రయల్‌లో కోను చుట్టూ తిరిగేది ఒకసారి, గాలి తగిలేది నలభై కిలోమీటర్లూ. జర్మనీలో కాన్యన్ కంపెనీ ఆడవాళ్ల రోడ్డు సైకిళ్లలో మరీ చిన్న ఫ్రేములకి 650బి చక్రాలు సన్నటి టైర్లతో పెట్టింది. పెద్ద కంపెనీ ఒకటి ఇంత దూరం వచ్చిందంటే ఇబ్బంది ఊహించుకున్నది కాదు.)

బావమరిది: కాన్యన్ వాళ్లు చిన్న ఫ్రేములకి 650బి పెట్టిన పద్ధతి గురించి చెప్పాలి, మీకు ఇంకో ఆలోచన వచ్చేలోపు. డిస్కు బ్రేకు బండి కాబట్టి 700సి చక్రం తీసి 650బి పెట్టేయొచ్చు అనుకుంటారు కొందరు. బ్రేకు రిమ్ముని పట్టుకోదు కాబట్టి పడుతుంది కూడా. కానీ అదే 28 టైరు వేస్తే బండి మొత్తం 19 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మలుపులో వాల్చి తొక్కితే పెడల్ రోడ్డుకి గీసుకుంటుంది. ఆ చక్రానికని గీసిన ఫ్రేమైతేనే పెట్టాలి.

బావ: అంటే ఆ చక్రానికని గీసిన ఫ్రేము ఉంటే నీకు అభ్యంతరం లేదు.

బావమరిది: అలా అనలేదు.

బావ: అన్నావు.

ఇంతలో పిల్ల వచ్చింది. పొద్దున్నుంచి ఆ 700సి బండి మీదే వీధిలో తిరుగుతోంది. మామయ్య అడిగాడు, ఎలా ఉందని. చక్రం గురించి అది ఒక్క మాట అనలేదు. హ్యాండిల్ వెడల్పుగా ఉంది, భుజాలు నొప్పి అంది. కింది వంపు పట్టుకుంటే బ్రేకు వేళ్లకి అందడం లేదంది. పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు పొట్టకి తగులుతోందంది. బూటు సంగతి తండ్రే గుచ్చి గుచ్చి అడిగితే, "రెండుసార్లు తగిలింది నాన్నా, పడలేదు" అంది.

బావమరిది: విన్నారా. మూడు ఫిర్యాదులు, మూడూ చక్రం గురించి కావు. హ్యాండిల్ 40 ఉంది, 36 వేస్తాను. బ్రేకు మీట లోపలికి తెచ్చే స్క్రూ ఉంది, రెండు నిమిషాల పని. క్రాంకు 170 తీసి 160 వేస్తాను. టూర్ డి ఫ్రాన్స్ విజేత పొగాచర్ 176 ఎత్తు ఉండి 165 తొక్కుతున్నాడు, దీనికి 170 ఎవడు పెట్టాడో.

బావ: క్రాంకు 160 అయితే బూటు పది మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది.

బావమరిది: అదే చెప్పబోతున్నా. ముందు ఇరుసు దూరం 585 ఉన్న ఫ్రేము చూద్దాం, చిన్న సైజులోనే దొరుకుతుంది, కంపెనీ పట్టికలో ఆ కొలత రాసి ఉంటుంది. 160, 100, 336. ఎంత?

బావ: 596. ఇంకా 11 తగులుతుంది.

బావమరిది: 31 నుంచి 11కి వచ్చాం. చక్రం ముట్టుకోకుండా.

బావ: 11 అంటే తగలదని కాదు. పైగా నువ్వు చేసిందంతా ఏమిటి? మనిషికి సరిపోని ఒక్క వస్తువుని కదపకుండా, చుట్టూ ఉన్నవన్నీ కోసి సర్దావు.

బావమరిది: పోటీ అంటేనే అంత బావా. ఒక్క వస్తువు అందరికీ ఉమ్మడిగా ఉంటే దారిలో ఒకరి చక్రం ఒకరికి పనికొస్తుంది. ఆ ఉమ్మడితనానికి పొట్టివాళ్లు ఎక్కువ వెల కడుతున్నారు, కాదనను. కానీ ఆ వెల కట్టనంటే దాన్ని ఒంటరిదాన్ని చేస్తారు. ఇంకా ఒకటి, దానికి పదిహేనేళ్లే. రెండేళ్లలో నాలుగు సెంటీమీటర్లు పెరిగిందనుకోండి, 650సి బండి ఎవరు కొంటారు మీ దగ్గర?

బావ: పెరగకపోతే?

బావమరిది: పెరగకపోతే, గుంపు రేసులు వదిలేసి ఒంటరిగా టైం ట్రయల్ మాత్రమే తొక్కుతానంటే, అప్పుడు 650కి గీసిన ఫ్రేము నేనే తెప్పిస్తాను. అక్కడ ఎవరి చక్రమూ అడగక్కర్లేదు. గుంపులో తొక్కినన్నాళ్లు 700.

(నా మొగ్గు బావగారి వైపే ఉండింది, ఇంకా ఉంది. కానీ ఈ చివరి విభజన దగ్గర బావమరిది మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒంటరి పోటీకి శరీరం కొలత, గుంపు పోటీకి గుంపు కొలత. చిన్న చక్రాల మీద గెలిచినవాళ్లని తలుచుకుంటే మౌల్టన్ సైకిలు తొక్కిన వుడ్‌బర్న్, ట్రయాథ్లాన్ వాళ్లు, అందరూ ఒంటరిగా తొక్కినవాళ్లే.)

బావ: ఒక షరతు మీద. డబ్బు కట్టేముందు పిల్ల ఆ బండి మీద కోను చుట్టూ తిరగాలి. పెడళ్లు ఆపి కాదు, తొక్కుతూ. కుడి వైపు, ఎడమ వైపు. నేను పక్కన నిలబడి చూస్తాను.

బావమరిది: చూడండి. 28 టైరుతోనే తిప్పుదాం.

బావ: 28 వేస్తే వ్యాసార్థం 339. మూడు మిల్లీమీటర్లు పెరిగాయి. 14 తగులుతుంది.

బావమరిది: అయితే 25 వేసి, గాలి తగ్గిస్తాను. ఇప్పుడైనా భోంచేద్దామా?

బావ: ముందు ఆ 170 క్రాంకు విప్పు. నేను చూస్తుండగా.